ఫైనైట్ వెల్ లెక్క తేడా కొడుతోందా? ముందు వెడల్పు చూడండి

క్వాంటమ్ మెకానిక్స్‌లో ఫైనైట్ వెల్ అంటే పార్టికల్‌ని పట్టి ఉంచే, గోడల ఎత్తుకి హద్దున్న శక్తి గుంత. దానికి ష్రోడింగర్ సమీకరణం రాయడం, వెల్ లోపల సైన్, కొసైన్ పెట్టి బయట తగ్గిపోయే ఎక్స్‌పొనెన్షియల్ పెట్టడం మీకు వచ్చనే అనుకుని రాస్తున్నాను. ఒక డైమెన్షన్ లెక్కల్లో చాలామంది దెబ్బతినేది అక్కడ కాదు. జవాబు రాగానే పెన్ను మూసేస్తారు. దాన్ని ముందే తెలిసిన కేసుకి తీసుకెళ్లి చూడరు. గోడల ఎత్తు పెంచుకుంటూ పోతే ఇన్ఫినిట్ వెల్ జవాబు రావాలి, ఎత్తు సున్నా చేస్తే పార్టికల్ స్వేచ్ఛగా వెళ్లిపోవాలి. దీనికి ఒక్క లైను చాలు. నాకు చూపించిన తప్పు లెక్కల్లో దాదాపు ఎందులోనూ ఆ లైను కనపడదు, దయచేసి రాయండి.

కాన్‌స్టంట్లన్నీ సున్నా అయిపోతున్నాయి

ఇన్ఫినిట్ గోడ దగ్గర వేవ్ ఫంక్షన్‌తో పాటు స్లోప్ కూడా కంటిన్యుయస్ అని పెట్టేసి ఉంటారు. అక్కడ ఆ కండిషన్ లేదు. వేవ్ ఫంక్షన్ సున్నా కావాలి, అంతే. డెల్టా పొటెన్షియల్‌లోనూ (ఒక్క బిందువు దగ్గరే ఉండే పొటెన్షియల్) ఇదే పొరపాటు జరుగుతుంది. డెల్టా ఉన్న చోట స్లోప్ ఒక్కసారిగా మారుతుంది, ఎంత మారుతుందో సమీకరణాన్ని ఆ పాయింటుకి అటూ ఇటూ ఇంటిగ్రేట్ చేస్తే వస్తుంది. ఆ మార్పు వదిలేస్తే డెల్టా వెల్‌కి ఉన్న ఒకే ఒక్క బౌండ్ స్టేట్ (పార్టికల్ వెల్ దగ్గరే చిక్కుకుని ఉండే స్థితి) కూడా చేజారుతుంది.

పరావర్తనం, ప్రసారం కలిపితే 1 రావట్లేదు

ప్రసారమైన వేవ్ ఆంప్లిట్యూడ్‌ని స్క్వేర్ చేసి వదిలేశారు. స్టెప్‌కి (పొటెన్షియల్ ఒక్కసారిగా పెరిగే చోటు) రెండు వైపులా వేగం వేరు, కాబట్టి అవతలి వేవ్ నంబర్‌ని ఇవతలి దానితో భాగించి, ఆ నిష్పత్తితో గుణించాలి. స్టెప్ ఎత్తుకి 4/3 రెట్లు శక్తి ఉందనుకోండి. నిష్పత్తి సరిగ్గా సగం. పరావర్తనం 1/9 వస్తుంది. ప్రసార ఆంప్లిట్యూడ్ 4/3, దాని స్క్వేర్ 16/9, అంటే ఒకటి దాటిపోయింది. సగంతో గుణిస్తే 8/9. ఇప్పుడు కలపండి, 1 వస్తుంది.

స్థాయిలు ఎక్కువ వస్తున్నాయి, లేదా మరీ కిందికి వస్తున్నాయి

నన్ను బాగా ఏడిపించింది ఇదే. అసైన్‌మెంట్‌లో ఎలక్ట్రాన్, 1 నానోమీటర్ వెడల్పు, 1 ఎలక్ట్రాన్ వోల్ట్ లోతు ఉన్న వెల్. నాకు నాలుగు బౌండ్ స్టేట్లు వచ్చాయి, ఉండాల్సినవి రెండే. ప్రోగ్రామ్‌లో తప్పుందేమోనని రెండు రోజులు లైను లైనూ వెతికాను, ప్రోగ్రామ్ నిక్షేపంగా ఉంది.

తప్పు 'ఏ' దగ్గర ఉంది. అందరం వాడే జెడ్ ట్యాన్ జెడ్ సమీకరణం (జెడ్ అంటే వెల్ లోపలి వేవ్ నంబర్ ఇంటూ ఏ) వెల్‌ని మైనస్ ఏ నుంచి ప్లస్ ఏ దాకా గీసి రాసింది, అంటే అందులోని ఏ సగం వెడల్పు. వేరే నోట్సులో అదే అక్షరం మొత్తం వెడల్పుకి వాడతారు. నేను సమీకరణం ఒక చోట నుంచి, 'ఏ' విలువ ఇంకో చోట నుంచి తీసుకున్నాను. హెచ్-బార్ స్క్వేర్ బై 2ఎం ఎలక్ట్రాన్‌కి సుమారు 0.0381 ఎలక్ట్రాన్ వోల్ట్ నానోమీటర్ స్క్వేర్. ఏ 0.5 నానోమీటర్ పెడితే జెడ్ నాట్ (లోతుని ఆ సంఖ్యతో భాగించి, వర్గమూలం తీసి, ఏతో గుణిస్తే వచ్చేది) 2.56 వస్తుంది. దాన్ని పై బై 2తో భాగిస్తే 1.63, దాని తర్వాతి పూర్ణాంకానికి సవరిస్తే రెండు స్థాయిలు. అవి అడుగు నుంచి 0.19, 0.70 ఎలక్ట్రాన్ వోల్ట్ దగ్గర ఉంటాయి. ఏ 1 నానోమీటర్ పెడితే జెడ్ నాట్ 5.12, నాలుగు స్థాయిలు, అన్నిటికంటే కిందిది 0.066 దగ్గర.

దీన్ని పట్టుకోవడం ఎందుకు కష్టమంటే, ఆ తప్పు జవాబులో చూడగానే అనుమానించాల్సింది ఏమీ ఉండదు. శక్తి పాజిటివ్‌గానే ఉంది, లోతు దాటలేదు, గ్రౌండ్ స్టేట్‌కి (అన్నిటికంటే కింది స్థాయికి) నోడ్, అంటే మధ్యలో వేవ్ ఫంక్షన్ సున్నా అయ్యే చోటు, లేదు, ఇన్ఫినిట్ వెల్ విలువ 0.376 కంటే తక్కువగానే ఉంది. నిజానికి అది 2 నానోమీటర్ల వెల్‌కి పూర్తిగా సరైన జవాబు. మనది కాని వెల్‌కి!

ఇప్పుడు మొదట చెప్పిన ఆ ఒక్క లైను రాయండి. లోతు అనంతం చేస్తే మొదటి మూలం పై బై 2కి చేరుతుంది, అంటే వేవ్ నంబర్ ఇంటూ ఏ ఈజ్ ఈక్వల్ టు పై బై 2. ఏ మొత్తం వెడల్పైతే వెల్‌లో పావు తరంగదైర్ఘ్యమే పడుతుంది, శక్తి 0.376కి బదులు 0.094 వస్తుంది. ఇన్ఫినిట్ వెల్ గ్రౌండ్ స్టేట్‌లో సగం తరంగదైర్ఘ్యం పట్టాలని అందరికీ తెలిసిందే కదా. శక్తి రావాల్సిన దానిలో సరిగ్గా నాలుగో వంతే వస్తే ఇంకెక్కడా వెతకొద్దు, వెడల్పే.

పేజీ పైన బొమ్మ గీసి, గోడల కింద మైనస్ ఏ, ప్లస్ ఏ అని రాసి, పక్కనే "వెడల్పు 2ఏ, కాబట్టి ఏ 0.5 నానోమీటర్" అని యూనిట్లతో సహా రాసుకోవడమే దీనికి మందు. గోడలు సున్నా దగ్గర, ఎల్ దగ్గర ఇచ్చి ఉంటే ముందు మధ్య బిందువుని సున్నాకి జరపండి. అలా జరపకుండా సరి, బేసి ఫంక్షన్లుగా విడదీస్తే ఆ విభజనకి అర్థమే లేదు.

వెడల్పు సరిగ్గానే ఉండి కూడా స్థాయిలు ఎక్కువ వస్తుంటే, సమీకరణాన్ని స్క్వేర్ చేశారేమో చూడండి. సరి స్టేట్లకి ట్యాన్ పాజిటివ్‌గా ఉన్న చోట పడిన మూలాలే ఉంచాలి, బేసి స్టేట్లకి నెగటివ్‌గా ఉన్న చోటివి. మిగతావి కొట్టేయండి.

అరుదుగా వచ్చేవి

సెమీకండక్టర్ లెక్కలో రెండు వైపులా ఎఫెక్టివ్ మాస్ (ఆ పదార్థంలో ఎలక్ట్రాన్‌కి వాడే మాస్) వేరైతే స్లోప్‌ని ఆ మాస్‌తో భాగించి కలపాలి. ఇన్ఫినిట్ వెల్‌లో సున్నా శక్తి స్థాయి వస్తే, స్థాయి సంఖ్య ఎన్ సున్నా పెట్టారు, అది అసలు స్టేటే కాదు. కంప్యూటర్‌లో షూటింగ్ పద్ధతి (శక్తిని ఊహించి, ఒక వైపు నుంచి వేవ్ ఫంక్షన్‌ని లెక్కిస్తూ పోవడం) వాడేటప్పుడు బయట తోక పేలిపోతే కంగారు పడకండి. శక్తి వెంట్రుకవాసి తప్పినా పెరిగే ఎక్స్‌పొనెన్షియల్ పైకి లేస్తుంది. శక్తిని కొంచెం అటూ ఇటూ మారుస్తూ తోక పైకి పేలడం మానేసి కిందికి పేలడం ఎక్కడ మొదలవుతుందో చూడండి, మీ స్థాయి ఆ రెండింటి మధ్యే ఉంది.