జూలై గాలులు వస్తున్నాయి: టిల్లర్ బరువెక్కితే మెయిన్‌షీట్ వదలండి

మొన్న ఆదివారం సాధనలో హుస్సేన్‌సాగర్ మీద రెండు లేజర్ పడవలు (ఒక్కరే నడిపే చిన్న తెరచాప పడవలు) గుద్దుకున్నాయి. పోర్ట్ టాక్‌లో, అంటే గాలి ఎడమ పక్క నుంచి తగిలేలా, వస్తున్న కుర్రవాడు అవతలి పడవకు దారి ఇవ్వాలి. ఆ నియమం అతనికి తెలుసు. ఆ పడవ వెనక నుంచి పోదామని చుక్కానిని తిప్పే కర్ర, టిల్లర్‌ను గుండెలదాకా లాగాడు కూడా. పడవ తిరగలేదు. సూటిగా వెళ్లి అవతలి పడవ పక్కను ఢీకొంది. అందులోని అమ్మాయి సమయానికి కాలు లోపలికి తీసుకుంది కాబట్టి సరిపోయింది. ఒడ్డుకు వచ్చాక అందరూ చుక్కానిని తిప్పి తిప్పి చూశారు. చుక్కానికి ఏ లోపమూ లేదు. గుద్దుకునే క్షణం దాకా అతని రెండో చేతిలో మెయిన్‌షీట్ (పెద్ద తెరచాపను లాగి పట్టే తాడు) బిగించింది బిగించినట్టే ఉంది.

జూలైలో మాన్సూన్ రెగట్టా, సెయిలింగ్ వీక్ పోటీలు ఉంటాయి. లైఫ్ జాకెట్, ఈత, వాతావరణ సూచన గురించి క్లబ్బుల్లో రోజూ చెబుతూనే ఉంటారు, నేను మళ్లీ చెప్పను. నేను చెప్పేది ఒక్కటే. గాలి పెరిగి టిల్లర్ బరువెక్కితే దానితో కుస్తీ పట్టకండి. ముందు మెయిన్‌షీట్ వదలండి.

పడవ నిటారుగా ఉన్నంతసేపూ తెరచాప తోపూ, నీటిలో పడవ అడుగుకు ఎదురయ్యే నిరోధమూ దాదాపు ఒకే వరుసలో ఉంటాయి. పడవ ఒరిగిందంటే తెరచాప నీటి మీదికి వాలుతుంది. తోపు అక్కడి నుంచి, నిరోధం ఇక్కడి నుంచి. ఈ రెండూ కలిసి పడవ ముక్కును గాలికి ఎదురుగా మెలితిప్పుతాయి. దానికి తోడు మునిగిన పక్క వంపు కూడా అటే నెడుతుంది. మన నావికులు వెదర్ హెల్మ్ అనేది దీన్నే. కాస్త ఉంటే మంచిదే, చేతికి పడవ తెలుస్తుంది. కానీ టిల్లర్ కొన మధ్య గీత నుంచి నాలుగు వేళ్ల వెడల్పు దాటి నిలబడుతోందంటే మీరు ఇక నడపడం లేదు, బ్రేకు తొక్కి యాక్సిలరేటర్ ఇస్తున్నారు.

ఇంకా లాగితే ఏమవుతుంది? చుక్కాని పలక మరీ అడ్డం తిరిగేసరికి దాని వెనక నీరు విడిపోతుంది, పట్టు పోతుంది. పడవ మరింత ఒరిగితే పలక సగం నీటి పైకే వస్తుంది. వేగం పడిపోతుంది, వేగం లేని చుక్కాని ఎటూ తిప్పలేదు. అప్పుడు పడవ తనంత తానే గిర్రున గాలికి ఎదురు తిరుగుతుంది. ఆ వైపు ఎవరున్నారో మీ అదృష్టం. ఇంతా చేసి బరువు పుట్టింది టిల్లర్‌లో కాదు, తెరచాపలో.

గాలి 10 నాట్ల (నాట్ అంటే గంటకు సుమారు 1.85 కిలోమీటర్లు) నుంచి 14 నాట్లకు పెరిగితే తెరచాప మీద తోపు దాదాపు రెండింతలవుతుంది, 20 నాట్లకు నాలుగింతలు. మీ భుజం అలా పెరగదు.

ఒడ్డు మీద చూసుకోవలసినవి

చుక్కాని పలక పూర్తిగా కిందికి దిగిందా? దాన్ని కిందికి పట్టి ఉంచే తాడు సడలితే పలక వెనక్కి తేలుతుంది, టిల్లర్ రాయిలా అవుతుంది, మీరు గాలిని తిట్టుకుంటారు. అరిగిన తాడు ఇవాళే మార్చండి.

తెరచాప ముందు అంచును కిందికి లాగే తాడు, కన్నింగ్‌హామ్‌ను గట్టిగా లాగండి. తెరచాప పొట్ట ముందుకు జరుగుతుంది, పైభాగం తెరుచుకుని గాలిని వదిలేస్తుంది. తెరచాప కింది అంచును సాగదీసే తాడు, అవుట్‌హాల్ బిగించండి.

తెరచాప కొలత (లేజర్‌నే ఇప్పుడు ఇల్కా అంటున్నారు): ఇల్కా 7కు 7.06 చదరపు మీటర్లు, ఇల్కా 6కు 5.76, ఇల్కా 4కు 4.7. పడవ అడుగు మూడింటికీ ఒకటే. యాభై కిలోల పిల్లవాడికి పెద్ద తెరచాప తగిలించి గట్టు మీద గర్వంగా నిలబడే తండ్రులు దయచేసి ఈ అంకెలు మరోసారి చదవాలి.

నీటి మీద

వానాకాలం గాలి ఇక్కడ ఎక్కువగా పడమటి నుంచి వస్తుంది. నెక్లెస్ రోడ్డు వైపు చెట్లూ భవనాలూ దాన్ని ముక్కలు చేస్తాయి, అందుకే అది ఒక్కసారిగా విసురుగా వచ్చి పడుతుంది. నీటి మీద నల్లటి మరక పరుగెత్తుకు వస్తుంటే అదే విసురు. అది తాకకముందే ఒళ్లు బయటికి వాల్చండి. తాకగానే షీట్ వదలండి. పడవ నిటారైన తరువాత మళ్లీ లాగండి. ఈ వరుస మారకూడదు. ఎక్కువమంది మొదట చేసేది టిల్లర్ లాగడమే, వాళ్లను నీటిలోంచి తీయడం మా పని అవుతోంది.

మరొక పడవ వెనక నుంచి తప్పుకోవాలా? షీట్ వదలండి, తరువాతే టిల్లర్. షీట్ బిగించి ఉంచితే పడవ గాలికి దూరంగా తిరగదు. ఆ ఆదివారం జరిగింది ఇదే.

మెయిన్‌షీట్‌ను క్లీట్‌లో (తాడును కదలకుండా పట్టే బిగింపులో) పెట్టి మరిచిపోకండి.

చేతికి చుట్టుకోకండి. ఎప్పుడూ.

పక్కగాలిలో కిక్కర్‌ను, అంటే బూమ్ (తెరచాప కింది అడ్డకర్ర) పైకి లేవకుండా పట్టే తాడును, కాస్త సడలించండి. మరీ బిగిస్తే బూమ్ కొన నీటిలో మునుగుతుంది, అప్పుడు షీట్ వదిలినా తెరచాప బయటికి పోదు.

గాలి వెనక నుంచి ఉన్నప్పుడు అదే కిక్కర్‌ను పూర్తిగా వదలకండి. తెరచాప పైభాగం ముందుకు మెలితిరిగి పడవ గాలి వచ్చే వైపే బోల్తా కొడుతుంది. బూమ్‌ను మరీ ముందుకు పోనివ్వకండి.

పడవ మధ్య నుంచి నీటిలోకి దిగే పలక, డాగర్‌బోర్డును అరచేతి వెడల్పు పైకి లాగితే ఒరుగు కొంత తగ్గుతుంది. అంతకంటే ఎక్కువ లాగకండి.

ఇద్దరు నడిపే పడవల్లో భయపడి ముందువైపు చిన్న తెరచాప, జిబ్ ఒక్కటే వదిలేస్తారు. అప్పుడు వెనక ఉన్న పెద్ద తెరచాప, మెయిన్‌దే రాజ్యం, ముక్కు ఇంకా వేగంగా గాలికి తిరుగుతుంది. మెయిన్ మొదట వదలాలి. జిబ్ తరువాత.

రెండు విసుర్లు వరుసగా తట్టుకోలేకపోతే ఒడ్డుకు రండి. లేదా అక్కడే ఆపి తెరచాపను మాస్ట్‌కు (దాన్ని నిలబెట్టే స్తంభానికి) ఒక చుట్టు చుట్టండి, లేజర్‌లో అది వీలవుతుంది.

టిల్లర్ ఎక్స్‌టెన్షన్ (టిల్లర్ కొనకు తగిలించే పొడుగు కర్ర) కీలు పగిలి ఉంటే నీటిలోకి దిగకండి.

బోల్తా పడితే పడవను విడిచి ఈదకండి. లేపే ముందు షీట్ పూర్తిగా వదిలి ఉందో లేదో చూడండి, లేకపోతే లేచిన పడవ మీరు లేకుండానే వెళ్తుంది.

పూర్తిగా తలకిందులైతే మాస్ట్ కొన బురదలో దిగబడవచ్చు. గుంజకండి, వంగుతుంది. రెస్క్యూ పడవకు చెయ్యి ఊపండి.

ట్యాంక్‌బండ్ రాతి గోడ తూర్పున ఉంది, పడమటి గాలి మిమ్మల్ని అటే తోస్తుంది. పట్టు తప్పిన పడవతో ఆ గోడకు దగ్గరగా ఆడకండి. అక్కడికి చేరాక రాయికీ పడవకూ మధ్య కాలు అడ్డం పెట్టకండి, పడవ పగిలితే అతికించుకోవచ్చు.