బొమ్మ కదలని షాట్‌లో ఫ్లికర్: సమస్య, కారణం, పరిష్కారం

నాన్నను పోగొట్టుకున్న పిల్లాడి కథను స్టాప్ మోషన్‌లో, అంటే బొమ్మను కొద్దికొద్దిగా కదుపుతూ ఒక్కో ఫొటో తీసి వాటిని వరుసగా ఆడించే పద్ధతిలో, చెప్పేటప్పుడు సినిమా బరువంతా కదలిక తక్కువ ఉన్న షాట్ల మీదే పడుతుంది. పిల్లాడు గుమ్మంలో కూర్చుని ఉంటాడు. పక్కన నాన్న చెప్పులు. పది సెకన్లపాటు ఏమీ జరగదు. పరుగులూ గెంతులూ ఉన్న షాట్‌లో ఎవరి కంటా పడని లోపం ఈ పది సెకన్లలో కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. వెలుగు మినుకుమంటుంది (దీన్నే ఫ్లికర్ అంటారు), లేదంటే బొమ్మలో ప్రాణం ఉన్నట్టు అనిపించదు.

వెలుగు మినుకుమంటోంది

ముందు ఒక పరీక్ష చేయాలి. దాదాపు అందరూ దాటేసేది ఇదే. సెట్ మీద దేన్నీ ముట్టుకోకుండా, బయటి వెలుగు రాకుండా కిటికీలు మూసి, రిమోట్‌తోనో కంప్యూటర్ నుంచో 48 ఫ్రేములు, అంటే 48 ఫొటోలు, తీయండి. సెకనుకు 24 ఫ్రేముల లెక్కన లూప్‌లో పెట్టి చూడండి. ఐదు నిమిషాల పని. దీన్ని వదిలేసి మూడు రోజులు యానిమేట్ చేశాక, ఎడిటింగ్‌లో ఫ్లికర్ చూసి తల పట్టుకుంటే లాభం లేదు. షాట్ మళ్లీ తీయొచ్చు, కానీ అదే నటన మళ్లీ రాదు.

లూప్ చూస్తే కారణం సగం దానంతటదే తెలుస్తుంది. ఫ్రేమ్‌లో ఒక పక్కే మినుకుమంటుంటే ఆ పక్క లైటును అనుమానించండి. వెలుగు నెమ్మదిగా పెరుగుతూనో తగ్గుతూనో ఉంటే ఎక్కడో ఎండ లోపలికి వస్తోంది, లేదా లైటు ఇంకా వేడెక్కుతోంది. షూట్‌కు అరగంట ముందే లైట్లు వేసి ఉంచండి. ముట్టుకోకుండా తీసిన లూప్ శుభ్రంగా ఉండి, యానిమేట్ చేసినప్పుడే ఫ్లికర్ వస్తుంటే కారణం మీ చొక్కా. లేత రంగు బట్ట మీద పడిన వెలుగు తిరిగి సెట్ మీద పడుతుంది. నల్లబట్టలు వేసుకోండి, ప్రతి ఫ్రేముకూ ఒకేచోటికి వెళ్లి నిలబడి బటన్ నొక్కండి. ఎల్‌ఈడీ లైట్లయితే షట్టర్ వేగం బాగా తగ్గించండి. అర సెకను పెడితే కరెంటు హెచ్చుతగ్గుల వల్ల వచ్చే చిన్న మినుకులు అందులో కలిసిపోతాయి.

మాన్యువల్ మోడ్ పెట్టి, ఐఎస్ఓ (సెన్సర్ సున్నితత్వం), వైట్ బ్యాలెన్స్ (రంగుల సవరణ) మారకుండా చూసి, ఆటోఫోకస్ ఆపాలన్న సంగతి మీకు తెలిసిందే. ఫొటోల్ని కెమెరాయే సవరించి ఇచ్చే జేపెగ్‌లో తీసేవాళ్లు మరిచిపోయేది ఒకటుంది. నీడల్ని తనంతట తానే సవరించే ఆటో లైటింగ్ ఆప్టిమైజర్, యాక్టివ్ డీ-లైటింగ్ లాంటివి మాన్యువల్‌లో కూడా ఆన్‌లో ఉండొచ్చు. ఆపేయండి.

అన్నీ సరిగ్గానే ఉన్నాయి, అయినా ఫ్రేమంతా మినుకుమంటోంది

ఇక్కడికొచ్చాక చాలామంది లైట్లు మార్చేస్తారు. తప్పు లైట్లది కాదు, లెన్సుది.

లెన్సులో వెలుగు వచ్చే రంధ్రం అపర్చర్. దాని కొలత ఎఫ్ అంకె, అంకె పెరిగేకొద్దీ రంధ్రం చిన్నదవుతుంది. మీరు ఎఫ్/11 పెట్టారు, కెమెరా తెర మీదా ఎఫ్/11 అనే ఉంది. కానీ కెమెరా నడిపే లెన్సుల్లో అపర్చర్ రెక్కలు అక్కడే నిలిచి ఉండవు. ఫొటో తీసే క్షణంలో మూసుకుంటాయి, తీశాక మళ్లీ తెరుచుకుంటాయి. మూసుకున్న ప్రతిసారీ వెంట్రుకవాసి తేడాతో ఆగుతాయి. విడి ఫొటోల్లో ఆ తేడా ఎవరికీ పట్టదు. వాటినే వరుసగా ఆడిస్తే అది ఫ్లికర్.

అపర్చర్ చిన్నదయ్యేకొద్దీ ఇది ముదురుతుంది. 50 మి.మీ. లెన్సు తీసుకోండి. ఎఫ్/11 దగ్గర రంధ్రం వెడల్పు సుమారు 4.5 మి.మీ. రెక్కలు 0.1 మి.మీ. అటూఇటుగా ఆగితే వెలుగు 4 శాతానికి పైగా మారుతుంది. ఎఫ్/2.8 దగ్గర వెడల్పు దాదాపు 18 మి.మీ., అదే 0.1 మి.మీ. తేడాకు మారేది 1 శాతం చిల్లర. బొమ్మ ముఖమంతా ఫోకస్‌లో ఉండాలని మనం ఎఫ్/8, ఎఫ్/11 పెడతాం కాబట్టి ఈ లోపం స్టాప్ మోషన్ వాళ్లనే ఎక్కువగా పట్టుకుంటుంది.

రుజువు చేసుకోవడం తేలిక. అపర్చర్ పూర్తిగా తెరిచి, షట్టర్ వేగం పెంచి వెలుగు సరిచేసి, మళ్లీ 48 ఫ్రేములు తీయండి. పూర్తిగా తెరిచినప్పుడు రెక్కలు కదలాల్సిన పనే ఉండదు. ఫ్లికర్ పోయిందా? దొంగ దొరికినట్టే.

మంచి పరిష్కారం చేత్తో తిప్పే అపర్చర్ రింగు ఉన్న లెన్సు. రింగున్న పాత నికాన్ లెన్సును అడాప్టర్‌తో కెనాన్ బాడీకి బిగించడం ఎప్పటినుంచో ఉన్న పద్ధతి. రెంటికీ మధ్య ఏ లింకూ ఉండదు గనక రెక్కలు మీరు పెట్టిన చోటే ఉంటాయి. కెమెరా మెనూలో లెన్సు లేకపోయినా షట్టర్ పడేలా పెట్టుకోవాల్సి రావచ్చు. అపర్చర్ తెరిచి ఉన్నప్పుడు ఫోకస్ చేసి, తర్వాత రింగు మూసి, రెండు రింగులకూ టేపు వేయండి.

ఆ లెన్సు లేకపోతే, కెనాన్ డీఎస్ఎల్ఆర్‌లో లెన్సును కాస్త తిప్పే ఉపాయం ఉంది. కావలసిన అపర్చర్ పెట్టండి, ఫోకస్ ముందే చేసుకోండి. ఫొటో తీయకుండానే రెక్కల్ని మూసి చూపే డెప్త్ ఆఫ్ ఫీల్డ్ ప్రివ్యూ బటన్ నొక్కి పట్టుకోండి, రెక్కలు మూసుకుంటాయి. పట్టు వదలకుండానే లెన్సు విడుదల బటన్ నొక్కి లెన్సును కొద్దిగా తిప్పండి. వెనకున్న కాంటాక్టులు విడిపోతాయి, రెక్కలు మూసుకున్న చోటే ఆగిపోతాయి. తెర మీద ఎఫ్ అంకె 00గా మారితే పని అయినట్టు. లెన్సుకు ఇప్పుడు లాక్ లేదు కాబట్టి పడిపోకుండా టేపు వేయండి. ఇదంతా ఫ్రేమ్ ఖాయం చేసుకోకముందే చేయాలి, తిప్పినప్పుడు కెమెరా తప్పకుండా కదులుతుంది.

ఎడిటింగ్‌లో డీఫ్లికర్ (ఫ్రేముల వెలుగును సమం చేసే సాఫ్ట్‌వేర్) వేస్తే సరిపోదా అని అడుగుతారు. కొంత సాయపడుతుంది. కానీ ఏ మార్పు లోపమో, ఏది మీరు కావాలని చేసిందో దానికి తెలియదు. సాయంత్రపు వెలుగు చెప్పుల మీంచి మెల్లగా జారిపోయే షాట్‌ను డీఫ్లికర్‌కి ఇస్తే ఆ జారడాన్ని కూడా చదును చేసే ప్రమాదం ఉంది. ఆ షాట్‌లో కథంతా ఆ వెలుగులోనే ఉంది.

బొమ్మ దిగులుగా లేదు, కొయ్యబారినట్టుంది

కారణం: ఒకే ఫ్రేమును కాపీ చేసి పది సెకన్లు సాగదీశారు. అసలు ఫ్రేముల్లో ఉండే సన్నని గ్రెయిన్ (ఫొటోలోని గరుకు చుక్కల) కదలిక కూడా ఆగిపోతుంది, అది కంటికి తెలిసిపోతుంది. ఊపిరి పెట్టండి. పిల్లాడి ఊపిరి నిమిషానికి 20 అనుకుంటే ఒక్కోదానికి 3 సెకన్లు, అంటే 72 ఫ్రేములు. పోజుకు రెండేసి ఫ్రేముల లెక్కన 36 పోజులు: లోపలికి 14, బయటికి 16, నిలకడ 6. ఒక్కో పోజుకు ఛాతీ కదిలేది కనీకనబడనంతే. అది కనబడుతోందంటే ఎక్కువ కదిపారు. ఎక్కిళ్లకు ఊపిరిని రెండు మూడు తుంపులుగా లోపలికి లాగించండి, అక్కడ మాత్రం ప్రతి ఫ్రేముకూ పోజు మార్చండి. తల తిప్పేముందు రెండు మూడు పోజుల ముందే కళ్లు తిరగాలి.

ఇంకో కారణం కెమెరాలో కాదు, షాట్లను ముందే బొమ్మలుగా గీసుకునే స్టోరీబోర్డులో ఉంటుంది. పిల్లాడు సినిమా అంతా తల వంచుకునే ఉంటే అది పెద్దవాళ్ల దుఃఖం. పిల్లల దుఃఖం విడతలు విడతలుగా వస్తుంది. ఇప్పుడు ఏడుస్తారు, కాసేపటికి ఆటలో పడతారు, మళ్లీ ఏదో గుర్తొచ్చి ఆగిపోతారు. ఐదారేళ్ల లోపు పిల్లలకు చావు తిరిగిరానిదని పూర్తిగా అర్థం కాదు. పిల్లాడు నాన్న చెప్పుల్లో కాళ్లు పెట్టి నాలుగడుగులు నడిచి, వాటిని వేళ్లు బయటికి ఉండేలా తిప్పి గుమ్మంలో సర్దాడనుకోండి. నాన్న వేసుకుని వెళ్తాడని వాడి నమ్మకం. ఆ తర్వాత వచ్చే పది సెకన్ల నిశ్శబ్దానికి అప్పుడు అర్థం ఉంటుంది.

కన్నీటి చుక్క ఎండిపోతోంది, లేదా గెంతుతోంది

నీళ్లు వాడారు. లైట్ల వేడికి ఆవిరైపోతాయి. పారదర్శకంగా ఉండే చిక్కటి హెయిర్ జెల్ వాడండి, సూదిమొనతో పోజుకు 1 మి.మీ. చొప్పున కిందికి జరపండి. గ్లిజరిన్ ఎండదు గానీ షాట్ మధ్యలో దానంతటదే జారుతుంది, దగ్గరి షాట్లకు పనికిరాదు.

బొమ్మ ఊగుతుంటే పాదంలోని బోల్టు చూడండి. బల్ల కింది నుంచి మళ్లీ బిగిస్తే తొంభై పాళ్లు పోతుంది. జుట్టూ బట్టా వణుకుతుంటే వాటికి పలచగా జిగురు పట్టించండి. తెర మీద ఒకేచోట మెరిసే ఎర్రచుక్క ఉంటే అది సెన్సర్‌లో పాడైన పిక్సెల్, ఎడిటింగ్‌లో చెరిపేయండి.