టీనేజ్ పిల్లలతో క్రూజ్‌కి వెళ్తున్నారా, మొదటి సాయంత్రం మాత్రం వదులుకోకండి

మేముండేది హ్యూస్టన్ పక్కన కేటీలో, గాల్వెస్టన్ పోర్టుకి గంటన్నర డ్రైవ్. డల్లాస్ వాళ్ళకి అయిదు గంటలు పడుతుంది గానీ ఫ్లైట్ టికెట్ల ఖర్చు లేకుండా కార్లో వెళ్ళి షిప్పెక్కేయొచ్చు, అందుకే టెక్సాస్‌లో ఉన్న మనవాళ్ళు చాలామంది ఇక్కణ్ణుంచే వెళ్తారు. మా బాబుకి 16, పాపకి 13 ఉన్నప్పుడు డిసెంబర్ సెలవుల్లో మెక్సికోలోని కోజుమెల్, కోస్టా మాయా, హోండురాస్‌లోని రోవాటాన్ తిరిగొచ్చే ఏడు రోజుల ట్రిప్ చేశాం. ఇప్పుడు ఎవరడిగినా ఇదే చెప్తున్నా, రాసి పెడితే ఇంకో నలుగురికి ఉపయోగపడుతుందని.

ముందు కాగితాల సంగతి. మన ఇళ్ళల్లో ఒక్కొక్కరిది ఒక్కో పాస్‌పోర్టు కదా. బయల్దేరిన పోర్టుకే తిరిగొచ్చే ట్రిప్పుల్లో అమెరికా సిటిజన్ పిల్లలకి బర్త్ సర్టిఫికెట్ సరిపోతుంది, 16 నిండితే దాంతోపాటు ఫోటో ఐడీ కూడా కావాలి. అయినా నా మాట విని పాస్‌పోర్టే తీసుకెళ్ళండి, మధ్యలో ఒంట్లో బాగోక మెక్సికో నుంచి ఫ్లైట్లో రావాల్సొస్తే బర్త్ సర్టిఫికెట్‌తో విమానం ఎక్కనివ్వరు. హెచ్ వన్ వీసా మీదున్నవాళ్ళు పాస్‌పోర్టులో వీసా స్టాంపింగ్ గడువు చూసుకున్నాకే బుక్ చెయ్యండి, తిరిగొచ్చాక ఇమిగ్రేషన్ ఉంటుంది.

రూము విషయంలో డబ్బులు మిగుల్తాయని నలుగురూ ఒకే దాంట్లో సర్దుకోవద్దు. రాత్రి పైనుంచి మంచాలు దించితే కాలు పెట్టడానికి చోటుండదు, బాత్రూమ్ ఒక్కటే, పొద్దున పదకొండింటిదాకా లేవని పిల్లలకోసం మీరు చీకట్లో కూర్చోవాలి. మాకొక రూము, ఎదురుగా కిటికీ లేని ఇన్‌సైడ్ రూము పిల్లలకి తీసుకున్నాం, అమ్మానాన్నల రూముకి పక్కనో ఎదురుగానో ఉంటే పిల్లల్ని విడిగా ఉండనిస్తారు, బుక్ చేసేటప్పుడే అడిగి చూసుకోండి. కడుపులో తిప్పే అలవాటున్నవాళ్ళుంటే షిప్ మధ్యలో, కింది డెక్‌లో తీసుకోండి, ఊపు తక్కువ తెలుస్తుంది.

ఇక అసలు సంగతి, టీన్ క్లబ్, అంటే షిప్‌లో టీనేజ్ పిల్లలు కలుసుకునే చోటు. దీనికి వేరే డబ్బులుండవు. మొదటి సాయంత్రమే అక్కడ పిల్లలంతా పరిచయాలు చేసుకుంటారు, ఆ ఒక్క సాయంత్రం వెళ్ళకపోతే రెండోరోజుకల్లా గ్రూపులు కట్టేసి ఉంటారు, తర్వాత మనమెంత బతిమాలినా ఈ వయసు పిల్లలు వాళ్ళంతట వాళ్ళు వెళ్ళి కలవరు. మా పాప గుమ్మం దగ్గర నా చున్నీ అంచు వేలికి చుట్టుకుంటూ పది నిమిషాలు నిలబడింది, వెళ్ళిపోదాం అమ్మా అంది. నేను తొయ్యలేదు, అలాగని తీసుకెళ్ళిపోనూ లేదు, అరగంట ఉండి చూడు, నేను ఇదే ఫ్లోర్‌లో కాఫీ దగ్గర కూర్చుంటా, నచ్చకపోతే వచ్చెయ్ అన్నా. అరగంట కాదు, మూడు గంటలైనా రాలేదు, కాఫీ ఎప్పుడో చల్లారిపోయింది, నా మనసు మాత్రం కుదుటపడింది. ఇంకోటి, వయసుల్నిబట్టి విడగొడతారు, కార్నివాల్ కంపెనీ షిప్పుల్లో అయితే 12 నుంచి 14 దాకా ఒకటి, 15 నుంచి 17 దాకా ఇంకోటి, కాబట్టి అన్నయ్య తోడుంటాడ్లే అని ముందే మాటివ్వకండి.

తర్వాత పిల్లలు మీకు కనబడరు. బాధపడకండి, చుట్టూ సముద్రమే కాబట్టి ఎక్కడికీ పోరు, ఇంటి దగ్గర కారు లేందే గడప దాటలేని పిల్లలకి ఇక్కడ సొంతంగా తిరగడం ఎంత సంతోషమో కళ్ళారా చూశా. మేం మూడే రూల్స్ పెట్టాం. రాత్రి భోజనం నలుగురం కలిసే తినాలి, ఎవరి రూములోకీ వెళ్ళకూడదు అలాగే ఎవర్నీ మన రూములోకి తీసుకురాకూడదు, ఒంటిగంటకల్లా రూములో ఉండాలి. ఆ ఒంటిగంట రూల్ చాలా షిప్పుల్లో వాళ్ళే పెడతారు. ఎక్కిన రోజే గెస్ట్ సర్వీసెస్‌కెళ్ళి షిప్‌లో డబ్బుల బదులు వాడే పిల్లల కార్డు మీద ఖర్చుకి లిమిట్ పెట్టించండి, ఆర్కేడ్ గేములు ఆ కార్డు గీకే ఆడతారు, మావాడు మొదటి రాత్రే 40 డాలర్లు అవగొట్టాడు. ఫోన్లు ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టించండి, లేకపోతే సముద్రం మీద నెట్‌వర్క్ తగులుకుని బిల్లు వాచిపోతుంది.

తిండికి భయపడక్కర్లేదు. రైస్ కుక్కర్, కెటిల్ రానివ్వరు, ఇంట్లో చేసిన పులిహోర కూడా వద్దంటారు, సీల్ తియ్యని ప్యాకెట్లయితే పర్లేదు. మొదటి రాత్రే హెడ్ వెయిటర్‌తో ఇండియన్ వెజిటేరియన్ కావాలని చెప్పండి, మా టేబుల్ చూసే ఆయన గోవా ఆయన, మర్నాటి నుంచి పప్పు, కూర, అన్నం, గిన్నెడు పెరుగు పెట్టించాడు, రోజంతా పిజ్జాలు తిన్న మావాడు కూడా ఆ పెరుగన్నం కలుపుకుని తిన్నాడు.

పోర్టుల్లో రోజుకి ఒక్క ప్రోగ్రామే పెట్టుకోండి. కోజుమెల్‌లో స్నార్కెలింగ్, అంటే నీళ్ళలో తల పెట్టి చేపల్ని చూడటం, ఈ వయసు పిల్లలకి బాగా నచ్చుతుంది, ఈత రాకపోయినా లైఫ్ జాకెట్ ఇస్తారు. కోస్టా మాయాలో అయితే మాయా నాగరికత నాటి చాక్చోబెన్ గుళ్ళు చూడండి. టైమ్ మాత్రం జాగ్రత్త, కోజుమెల్‌లో గడియారం ఏడాదంతా మార్చరు, అందుకే డిసెంబర్‌లో టెక్సాస్ కంటే గంట ముందుంటుంది, ఫోన్ ఒకటి చెప్తుంది, షిప్ టైమ్ ఇంకోటి ఉండొచ్చు, షిప్ షిప్ టైమ్‌కే కదులుతుంది, మీకోసం ఆగదు. పిల్లలిద్దరికీ మామూలు చేతి వాచీలు పెట్టి షిప్ టైమ్‌కి కలిపించా.

చివరి రాత్రి సూట్‌కేసులు ట్యాగులు కట్టి రూము బయట పెట్టాలి, పిల్లలేమో ఆ రాత్రే ఫ్రెండ్స్‌ని వదల్లేక ఒంటిగంటకి ఎర్రటి కళ్ళతో వస్తారు. అందుకని వాళ్ళ పెట్టెలు భోజనానికి ముందే సర్దించేసి, మర్నాటి బట్టలు, బూట్లు, పాస్‌పోర్టులు ఒక బ్యాక్‌ప్యాక్‌లో వేసి మీ రూములో పెట్టుకోండి.