జాయ్‌స్టిక్ వణుకుతోందా? ముందు పాట్ చూడండి

మా ఒంగోలు ఉప్పుగాలికీ దుమ్ముకీ నా జాయ్‌స్టిక్, చెయ్యి తీసేసినా సరే, కంప్యూటర్ ఆటలో విమానాన్ని ఎడమవైపు లాగేసేది. కొత్తది కొనకండి, ఆగండి. విండోస్ రన్ బాక్స్‌లో జాయ్ డాట్ సీపీఎల్ అని ఇంగ్లీషులో కొట్టి చూడండి, ముట్టుకోకుండానే స్టిక్ ఎక్కడుందో చూపే ప్లస్ గుర్తు వణుకుతుంటే చాలావరకు తప్పు కడ్డీ ఎంత కదిలిందో కొలిచే లోపలి పొటెన్షియోమీటర్‌దే, దాన్నే పాట్ అంటారు. యూఎస్‌బీ పీకేసి అడుగున స్క్రూలు విప్పండి, స్ప్రింగ్ ఎగిరిపోతుంది జాగ్రత్త, వైర్లకి ముందే ఫోటో తీసి పెట్టుకోండి. పాట్ సందులో కాంటాక్ట్ క్లీనర్ (కరెంటు భాగాలు శుభ్రం చేసే స్ప్రే) కొంచెం కొట్టి కడ్డీని ఈ చివర నుంచి ఆ చివరకి ఓ 30 సార్లు తిప్పండి. మామూలు డబ్ల్యూడీ-40 మాత్రం వద్దు, జిడ్డు మిగిలిపోతుంది. బాగా ఆరాక బిగించి కాలిబ్రేట్ చేయండి. అప్పటికీ వణికితే మల్టీమీటర్‌తో పాట్ మధ్య కాలికీ పక్క కాలికీ ఓమ్స్ (నిరోధం) చూడండి, తిప్పుతుంటే అంకె ఎగిరెగిరి పడితే పాట్ అరిగిపోయినట్టే, దాని మీద రాసిన విలువదే తెచ్చి టంకం వేయండి.