ఆమిష్ పల్లెల్లో ఫొటోలు తీసేదెలా? ఫోన్ జేబులో పెట్టేదెప్పుడు?

న్యూజెర్సీలో ఉండే తెలుగువాళ్ల ఇంటికి వేసవిలో ఇండియా నుంచి పెద్దవాళ్లు వచ్చారంటే తిప్పే చోట్లు దాదాపు ఖాయం. నయాగరా, పిట్స్‌బర్గ్ వెంకన్న గుడి, హెర్షీ చాక్లెట్ ఊరు, దానికి దగ్గర్లోనే పెన్సిల్వేనియా లాంకాస్టర్ కౌంటీలోని ఆమిష్ పల్లెలు. ఆమిష్‌వాళ్లంటే సొంత కార్లు లేకుండా గుర్రబ్బండ్ల (బగ్గీల) మీద తిరుగుతూ పాత పద్ధతుల్లోనే బతికే జనం. మిగతా చోట్ల ఫొటోలతో పెద్దగా పేచీ ఉండదు. ఈ చివరి చోటే అందరూ బోల్తా పడతారు.

మేమూ పడ్డాం. 340వ నంబరు రోడ్డు మీద బర్డ్-ఇన్-హ్యాండ్ ఊరు దాటాక ఒక ఇంటి ముందు బల్ల వేసి టమాటాలు, పచ్చళ్ల సీసాలు అమ్ముతున్నారు. బల్ల వెనక ఎనిమిదేళ్ల పిల్ల, నీలం గౌను, కాళ్లకు చెప్పుల్లేవు, మాకివ్వాల్సిన చిల్లర లెక్కపెడుతోంది. "బంగారు బొమ్మలా ఉంది" అంటూ మా మామయ్యగారు ఫోన్ ఎత్తారు. నేను "వద్దండీ" అనేలోపే పిల్ల గిరుక్కున అటు తిరిగిపోయింది. చిల్లర ఉన్న చెయ్యి మాత్రం వెనక్కి చాపి, మేం తీసుకునేదాకా అలాగే నిలబడింది.

కారెక్కాక ఆయన అడిగిన ప్రశ్న: "రోడ్డు మీదే కదమ్మా ఉన్నాం, తప్పేముంది?"

1. ముందు కారణం తెలుసుకోండి

ఫొటో దిగితే ఆయుష్షు తగ్గుతుందని జంకేవాళ్లు మన ఊళ్లలో ఒకప్పుడు ఉండేవాళ్లు. ఆమిష్‌వాళ్లదీ అలాంటి భయమే అనుకుంటే పొరపాటు. వాళ్లు క్రైస్తవులు. 1693లో స్విట్జర్లాండ్, అల్సేస్ ప్రాంతాల్లో యాకోబ్ అమ్మన్ అనే బోధకుడి వెంట చీలిన వర్గం నుంచి వచ్చినవాళ్లు. 18వ శతాబ్దంలో పెన్సిల్వేనియా చేరారు. బైబిల్‌లో నిర్గమకాండం 20వ అధ్యాయంలో ఏ రూపాన్నీ విగ్రహాన్నీ చేసుకోవద్దని ఉన్న ఆజ్ఞను వాళ్లు ఫొటోకూ వర్తింపజేస్తారు. దీనితోపాటు ఇంకో సంగతి ఉంది, నా మటుకు నాకు అదే అసలుది అనిపిస్తుంది: గర్వం. పదిమందిలో తనను తాను ఎత్తి చూపించుకోవడం వాళ్ల దృష్టిలో పెద్ద దోషం. అందుకే బట్టలన్నీ ఒకే తీరు. ఆడపిల్లలు ఆడుకునే గుడ్డబొమ్మలకు సంప్రదాయంగా కళ్లూ ముక్కూ ఉండవు. మతకారణం చూపినవాళ్లకు పెన్సిల్వేనియా ప్రభుత్వం ఫొటో లేని గుర్తింపు కార్డు కూడా ఇస్తుంది.

కాబట్టి కెమెరా ఎదుట ఫోజు ఇచ్చి నిలబడటమే వాళ్లకు అన్నిటికన్నా ఇబ్బంది. నడిచిపోతుంటే దూరం నుంచి ఎవరో తీశారంటే ఆ పాపం తమది కాదని సర్దుకుపోయేవాళ్లు ఉన్నారు. పక్కన నిలబడి నవ్వమంటే మాత్రం తప్పు వాళ్లచేత చేయిస్తున్నట్టే.

అందరూ ఒకలా ఉండరు. ఏం చెయ్యాలి, ఏం కూడదు అన్న కట్టుబాట్లను ఎక్కడికక్కడ వాళ్ల సంఘమే పెట్టుకుంటుంది. దాన్ని 'ఆర్డ్‌నుంగ్' అంటారు. బాప్తిస్మం పెద్దయ్యాకే తీసుకుంటారు గనక, 16 దాటి ఇంకా తీసుకోని కుర్రాళ్లలో కొందరు ఫోన్ కూడా వాడతారు. కుర్రాడు నవ్వుతూ నిలబడ్డాడని పక్కనున్న పెద్దాయనా నిలబడతాడనుకోవద్దు.

2. చట్టం సంగతి ఒక్క ముక్కలో

మామయ్యగారి ప్రశ్నకు జవాబు: అమెరికాలో రోడ్డు మీద నిలబడి కనిపించేదాన్ని ఫొటో తీయడం నేరం కాదు. ఇంటి ఆవరణలోకో పొలంలోకో దుకాణంలోకో అడుగుపెడితే అక్కడ యజమాని మాటే చెల్లుతుంది. తిరుమలలో ఫోన్ కౌంటర్లో అప్పజెప్పి క్యూలోకి వెళ్తాం. మర్చిపోతే ఆపడానికి సిబ్బంది ఉంటారు. ఆమిష్ పొలం గట్టున ఆపేవాళ్లెవరూ ఉండరు. గొడవకూ రారు, పోలీసుల్నీ పిలవరు. ముఖం తిప్పుకుంటారు, అంతే.

3. వీటి జోలికి అసలు పోకండి

పిల్లలు. వాళ్ల బడి. ఆదివారం ప్రార్థన. చావు ఊరేగింపు.

ప్రార్థనకు వాళ్లకు చర్చి భవనం ఉండదు, రెండు వారాలకోసారి ఎవరో ఒకరి ఇంట్లో చేరతారు. ఇంటి ముందు ఇరవై, ముప్ఫై బగ్గీలు వరసగా ఆగి ఉంటే సంత అనుకొని దిగకండి. ఆదివారం వాళ్ల దుకాణాలు ఎలాగూ మూసే ఉంటాయి. ఆ రోజు వెళ్లకపోవడమే మంచిది.

బడులు ఒంటిగది బడులు, ఎనిమిదో తరగతి దాకానే. రోడ్డుకు ఆనుకుని ఉంటాయి, విరామంలో పిల్లలు బయట ఆడుతుంటారు, చూడ్డానికి ముచ్చటగానే ఉంటుంది. కానీ ఈ కౌంటీలోనే నికెల్ మైన్స్ అనే చోట 2006 అక్టోబర్ 2న ఒకడు ఇలాంటి బడిలోకే తుపాకీతో దూరి పదిమంది ఆడపిల్లల్ని కాల్చాడు. ఐదుగురు చనిపోయారు. ఆ కుటుంబాలవాళ్లు హంతకుడి భార్యాపిల్లల్ని వెళ్లి ఓదార్చారు, బడిని కూల్చేశారు. అలాంటి చోట బడి కంచె పక్కన కొత్తవాళ్లు కారాపి లెన్సు బయటికి తీస్తే ఎలా ఉంటుందో వేరే చెప్పక్కర్లేదు.

4. ఏం తీయొచ్చో చూసుకోండి, చాలానే ఉంది

బగ్గీని వెనక నుంచి తీయండి. మన జట్కాకు పెట్టె బిగించినట్టుండే ఈ బండి రంగును బట్టి ఏ ప్రాంతమో చెప్పొచ్చు. లాంకాస్టర్‌లో బూడిద రంగు, ఒహాయోలోని హోమ్స్ కౌంటీలో నలుపు, పెన్సిల్వేనియాలోనే మిఫ్లిన్ కౌంటీ లోయలో ఒక వర్గానికి పసుపు టాపు, ఇంకో వర్గానికి తెలుపు. వెనక నారింజ రంగు త్రికోణం ఉంటుంది; నెమ్మదిగా వెళ్లే బండి అని దానర్థం. సాయంత్రం ఎండ ఎదురుగా ఉన్నప్పుడు తీస్తే మనిషి నల్లటి నీడలా పడతాడు, టోపీ అంచు మాత్రం తెలుస్తుంది. నేను తీసినవాటిలో నాకు నచ్చినవన్నీ అలాంటివే.

సోమవారం పొద్దున వెళ్తే దండేల మీద ఊదా, ఆకుపచ్చ, నలుపు బట్టలు వరసగా ఆరుతుంటాయి. పొలాల్లో కంచరగాడిదలు నాగలి లాగుతుంటాయి. గాలిమరలు, గాదెలు, పైకప్పున్న కొయ్య వంతెనలు ఉన్నాయి. వీటిలో దేనికీ మనిషి ముఖం అక్కర్లేదు.

జూమ్ లెన్సుతో దూరం నుంచి తీస్తే వాళ్లకు తెలియదు కదా అని చాలామంది సలహా ఇస్తారు. వీపు తీస్తే సరే. ముఖం తీస్తే అది చాటుగా తీసిందే అవుతుంది, నేను ఒప్పుకోను. డ్రోన్ అయితే ఇంకా దారుణం, గుర్రాలు బెదురుతాయి.

కారు విషయంలో జాగ్రత్త. బగ్గీ పక్కన నెమ్మదిగా నడుపుతూ కిటికీలోంచి వీడియో తీసేవాళ్లను చూశాను. ఎదురుగా ట్రక్కు వస్తే ఇరుక్కునేది బగ్గీయే. హారన్ కొట్టొద్దు, ఫ్లాష్ వేయొద్దు. కారును రోడ్డు దింపి, ఎవరి దారికీ అడ్డం లేకుండా ఆపి, అప్పుడు తీయండి.

5. అడగాలనుకుంటే వస్తువు గురించి అడగండి

"మీ ఫొటో తీసుకోవచ్చా?" అని అడక్కండి. కాదనడం వాళ్లకు మొహమాటం. "మీ బొంత చాలా బాగుంది, దీన్ని ఒక్కటి తీసుకోనా?" అంటే చాలాసార్లు ఒప్పుకుంటారు, తాము మెల్లగా పక్కకు జరుగుతారు. ఇంట్లో జర్మన్ యాసే మాట్లాడినా బయటివాళ్లతో ఇంగ్లిష్ చక్కగా మాట్లాడతారు. (ఆమిష్ కానివాళ్లందరినీ వాళ్లు 'ఇంగ్లిష్ వాళ్లు' అనే అంటారు. ఆ లెక్కన నెల్లూరు నుంచి వెళ్లిన మామయ్యగారూ ఇంగ్లిష్ ఆయనే.)

"సరే" అంటూ కళ్లు దించుకున్నారంటే అది సరే కాదు. వదిలేయండి.

ముందు ఏదైనా కొనండి, రెండు మాటలు మాట్లాడండి. లాంకాస్టర్ టౌన్లో మంగళ, శుక్ర, శనివారాల్లో తెరిచే సెంట్రల్ మార్కెట్‌లో ఆమిష్ దుకాణాలు ఉంటాయి. కూరగాయల్ని తీస్తున్నా అవతల నిలబడ్డ మనిషి ఫ్రేములోకి రాకుండా ఫోన్ కిందికి వంచండి. డబ్బులిచ్చి ఎక్కే బగ్గీ సవారీలో తోలేవాళ్లు కొన్నిచోట్ల ఆమిష్, కొన్నిచోట్ల కాదు. ఎక్కేముందే అడగండి. అచ్చంగా ఆమిష్‌వాళ్లలాగే కనిపించి, ఫొటోకు అభ్యంతరం చెప్పని మెన్నొనైట్లూ (వాళ్లకు దగ్గరి ఇంకో క్రైస్తవ వర్గం) ఆ చుట్టుపక్కల ఉంటారు. చూసి పోల్చుకోవడం మన వల్ల కాదు, అడిగితేనే తెలుస్తుంది.

ఫొటో కోసం డబ్బులు మాత్రం చూపించకండి.

6. పొరపాటున తీసేస్తే

వాళ్ల ఎదుటే డిలీట్ చేసి "సారీ" చెప్పండి. ఇంటికొచ్చాక చూసుకుంటే మూలనెక్కడో ఒక ముఖం పడి ఉంటుంది, దాన్ని కత్తిరించండి. వాట్సాప్ గ్రూపులో పెట్టేటప్పుడు ఎవరి ఇంటి ముందు తీశారో చెప్పకండి. "కరెంటు తెలియని మనుషులు" లాంటి రాతలు వద్దు. వాళ్లకు కరెంటు తెలుసు, బయటి తీగల నుంచి తెచ్చుకోరు, అంతే. సోలార్ పలకలు వాడే ఇళ్లు ఎన్నో ఉన్నాయి.

మరుసటి ఏడాది మామయ్యగారు మళ్లీ వచ్చినప్పుడు తానే అడిగి మరీ లాంకాస్టర్ తీసుకెళ్లమన్నారు. ఒక ఇంటి ముందు బీట్‌రూట్ పచ్చడి కొని, కట్టేసి ఉన్న గుర్రం గురించి పదమూడేళ్ల కుర్రాడితో కబుర్లు వేసుకున్నారు. ఒకప్పుడు రేసుల్లో పరిగెత్తిన గుర్రమట. బగ్గీలకు చాలావరకు అలాంటివే కొంటారు. "అయితే నాలాగే రిటైర్డన్నమాట" అని నవ్వి, దాన్ని ఫొటో తీసుకోవచ్చా అని అడిగారు. కుర్రాడు తలూపి, గుర్రానికి అవతలి వైపు వెళ్లి నిలబడ్డాడు. నెల్లూరు ఇంట్లో టీవీ పక్కన ఉంది ఆ ఫొటో. గోధుమరంగు గుర్రం, దాని పొట్ట కింద నుంచి రెండు మట్టికాళ్లు.