కొత్త ఇంటి గోడకు చెమ్మ వస్తే ముందు పెయింటర్‌ని పిలవకండి

నిజాంపేట వైపు ఫ్లాట్ కొని మేం గృహప్రవేశం చేసుకున్నది ఫాల్గుణంలో. ఆషాఢంలో వానలు మొదలయ్యాయో లేదో పడగ్గదిలో బీరువా వెనక గోడ చెమ్మగిల్లింది. మా అత్తగారి పట్టుచీరల మడతల్లో బూజు వాసన. వేలు పెడితే పుట్టీ అప్పడంలా పెళ్లలుగా ఊడొచ్చింది. కంగారుపడి గీకించి, మళ్లీ పుట్టీ పెట్టించి రంగు వేయించేశాం. డబ్బు పోయిందన్న బాధకంటే, బిల్డర్‌కి చూపించడానికి గోడ మీద ఏమీ మిగల్లేదన్న బాధే ఎక్కువైంది. మీరు ఆ పని చేయకండి.

నెల తిరక్కుండానే చెమ్మ మళ్లీ వచ్చింది. ఈసారి మరక అంచు వెంట పెన్సిల్‌తో గీత గీసి పక్కన తేదీ వేశాను. వారానికో గీత, టేపు పెట్టి ఒక ఫోటో. మూడు వారాల్లో మరక జానెడు కిందికి దిగింది. తర్వాత ఒక స్ట్రక్చరల్ ఇంజనీర్‌ని పిలిపించాం. పై ఫ్లాట్ బాత్రూం శ్లాబుకు వాటర్‌ప్రూఫింగ్ సరిగా చేయలేదని లెటర్‌హెడ్ మీద రాసి సంతకం చేసిచ్చారు. ఈ కాగితం చాలా ముఖ్యం. పై ఇంటివాళ్లతో మాత్రం గొడవ పెట్టుకోకండి, వాళ్లూ మనలాగే కొనుక్కున్నవాళ్లు.

బిల్డర్‌కి ఫోన్ చేస్తే "వానలు తగ్గాక చూద్దాంలేమ్మా" అన్నారు. ఫోన్ మాటకు రుజువు ఉండదు. 2016 రెరా చట్టం (ఇళ్ల కొనుగోలుదారులను కాపాడే రియల్ ఎస్టేట్ చట్టం) సెక్షన్ 14(3) ప్రకారం, ఫ్లాట్ స్వాధీనం చేసిన రోజు నుంచి 5 ఏళ్లలోపు కట్టడంలోగానీ పనితనంలోగానీ లోపం ఉందని తెలియజేస్తే, బిల్డర్ 30 రోజుల్లో పైసా తీసుకోకుండా బాగుచేయాలి. లేదంటే మనకు నష్టపరిహారం అడిగే హక్కు వస్తుంది. అందుకే ఉత్తరం రాయండి. స్వాధీనం తేదీ, ఒక్కో లోపం విడివిడిగా, సెక్షన్ నంబరు, 30 రోజుల గడువు, ఇంజనీర్ రిపోర్టు నకలు అన్నీ అందులో ఉండాలి. స్పీడ్ పోస్టులో పంపి, అందినట్టు రుజువు దాచుకోండి. ఈమెయిల్ కూడా చేయండి. తాళాలు తీసుకున్నప్పుడు "అన్నీ బాగున్నాయి" అని సంతకం పెట్టాం కదా అని వెనక్కి తగ్గకండి. చట్టం 5 ఏళ్లు లెక్కపెట్టేదే ఆ రోజు నుంచి.

గడువు దాటినా కదలకపోతే ఆ చట్టం కింద రాష్ట్రానికొకటిగా ఉన్న రెరా సంస్థకు, అంటే తెలంగాణలో అయితే తెలంగాణ రెరాకు, ఆంధ్రాలో అయితే ఏపీ రెరాకు ఆన్‌లైన్‌లో ఫిర్యాదు చేయొచ్చు. పరిహారం ఎంతన్నది అక్కడి న్యాయనిర్ణయ అధికారి తేలుస్తారు. రెండో దారి వినియోగదారుల కమిషన్. మీరు కట్టిన ధర 50 లక్షల లోపయితే జిల్లా కమిషన్, 2 కోట్ల వరకు రాష్ట్ర కమిషన్, ఆపైన జాతీయ కమిషన్. అక్కడ ఫిర్యాదు వేయడానికి గడువు 2 ఏళ్లే, కాబట్టి ఆలస్యం చేయొద్దు. ఒకే నష్టానికి రెండు చోట్లా తిరగకుండా ఒక దారి ఎంచుకోండి.

పాత ఇల్లు ఓనర్ దగ్గర నేరుగా కొన్నవాళ్ల సంగతి వేరు. వాళ్లకు ఆధారం 1882 ఆస్తి బదలాయింపు చట్టం సెక్షన్ 55. మామూలు జాగ్రత్తతో చూసినా మనకు కనపడని పెద్ద లోపం తనకు తెలిస్తే అమ్మేవాళ్లు చెప్పి తీరాలి. దాచితే అది మోసం కిందికి వస్తుంది, సివిల్ కోర్టుకు వెళ్లొచ్చు. అయితే అమ్మినవాళ్లకు ముందే తెలుసని మనమే రుజువు చేయాలి. అపార్ట్‌మెంట్ అసోసియేషన్ ఫిర్యాదుల రిజిస్టర్ చూడండి, అంతకుముందు రిపేరు చేసిన ప్లంబర్‌ని అడగండి. అమ్మకానికి ముందు ఒక్క గోడకే కొత్త రంగు వేసి ఉంటే అదీ రాసి పెట్టుకోండి.

మా ఉత్తరం అందిన 26వ రోజున బిల్డర్ మనుషులు వచ్చారు. పై బాత్రూం టైల్స్ తీసి వాటర్‌ప్రూఫింగ్ మళ్లీ చేశారు. టైల్స్ పరిచేముందు నీళ్లు కట్టి 48 గంటలు ఉంచాల్సిందేనని పట్టుబట్టాను. రెండు రోజులూ పొద్దునా సాయంత్రం కింద గోడ దగ్గర నిలబడి చూశాను. పెన్సిల్ గీత దాటి చెమ్మ దిగలేదు. చేసిన పనంతా కాగితం మీద రాయించుకుని, గోడ పూర్తిగా ఆరాక అప్పుడు పెయింటర్‌ని పిలిచాం.