స్మార్ట్‌వాచ్ కొనేముందు అడగాల్సిన ప్రశ్న

స్మార్ట్‌వాచ్ పెట్టె మీద ‘10 రోజుల బ్యాటరీ’ అని కనిపించగానే డబ్బు తీయకండి. తెర నిరంతరం వెలగకుండా, జీపీఎస్ ముట్టుకోకుండా, వాచీలోంచి ఫోను మాట్లాడకుండా ఉంటే వచ్చే లెక్క అది. కింద చిన్న అక్షరాల్లో ఆ షరతులు ఉంటాయి, ఓపికగా చదవండి.

నాకిది కొండ మెట్ల మీద తెలిసింది. జీపీఎస్ పెట్టుకుని అలిపిరి నుంచి కాలినడకన బయలుదేరాను. గాలిగోపురం దగ్గర చెమట తుడుచుకుని మణికట్టు చూసుకుంటే తెర నల్లగా ఉంది! ముందురోజు రాత్రే నిండుగా ఛార్జింగ్ పెట్టిన వాచీ అది. 3,550 మెట్ల నడక లెక్క సగంలోనే ఆగిపోయిందని ఎంత బాధపడ్డానో.

అందుకే తిరుపతిలో ఏ దుకాణానికి వెళ్లినా ముందు ఇదే అడగండి: ‘జీపీఎస్ ఆపకుండా వాడితే ఎన్ని గంటలు వస్తుంది?’ అసలు సత్తా ఆ అంకెలోనే తెలుస్తుంది.

ఫోనులాగా యాప్‌లు వేసుకునే వాచీలకు దాదాపు రోజూ, మహా అయితే రెండు మూడు రోజులకోసారి ఛార్జింగ్ తప్పదు. అడుగులు, నిద్ర, గుండె వేగం, వచ్చిన సందేశాలు చూసుకుంటే చాలనుకునేవారికి వారం దాటి నిలిచే సాదా రకమే మేలని నా అభిప్రాయం. నిద్ర లెక్క కావాలంటే రాత్రి వాచీ చేతికే ఉండాలి కదా, ఛార్జర్‌కు కాదు.

ఛార్జర్ కూడా చూడండి. చాలావాటికి సొంత అయస్కాంతపు పిన్ను ఉంటుంది. అది పోతే విడిగా దొరుకుతుందో లేదో అక్కడే కనుక్కోండి.